పాత ఇంజనుకు మందం ఆయిలు మందు కాదు

30, 40, 50, 20డబ్ల్యూ-40... డబ్బా మీద అంకెలు చదవడం వస్తే బోరు ఖర్చు తప్పుతుంది

కార్తీక మాసం. కొమ్మమూరు కాల్వ చివరి భూముల్లో వరి పొట్ట మీద ఉంది. కాల్వకు వంతు నీళ్లు రాలేదు. పక్కన మురుగు కాల్వలో మాత్రం మోకాలి లోతు నీళ్లున్నాయి. రెండున్నర ఎకరాలు కౌలుకు చేస్తున్న ఒక రైతు గట్టు మీద తన 5 హార్స్‌పవర్ ఆయిల్ ఇంజను దించి, ఆ నీళ్లు ఎత్తి పోసుకుంటున్నాడు. ఇంజను ఆయన తండ్రి కొన్నది. కొన్నాళ్లుగా నీలం పొగ వేస్తోంది. ఆయిలు తాగుతోంది.

టౌనుకెళ్లి షాపులో అడిగితే, ''పాత బండి కదా, మందం ఆయిలు పొయ్యి, పొగ ఆగిపోద్ది'' అన్నారు. 50 నెంబరు డబ్బా ఇచ్చారు. ఇంటికొచ్చాక పక్క పొలం ఆయన ఇంకో సలహా చెప్పాడు. ట్రాక్టరు గేరుబాక్సులో పోసే 90 ఆయిలు ఓ అర లీటరు కలిపితే ఇంకా బాగుంటుందని. అదీ కలిపాడు. నిజంగానే పొగ తగ్గింది. రెండు రోజులు ఇంజను మెత్తగా, చప్పుడు లేకుండా నడిచింది. పొగ లేదు గదా అని ఆయన గేజీ పుల్ల తీసి చూడటం మానేశాడు.

నాలుగో రోజు తెల్లారుజామున ఇంజను టకటకమని కొట్టుకుని, ఒక్కసారిగా పట్టేసింది. హ్యాండిలు తిరగలేదు.

మెకానిక్ విప్పి చూస్తే కనెక్టింగ్ రాడ్డు బేరింగు కరిగి క్రాంకుకు అంటుకుపోయింది. ఆయిలు గేజీ కింది గీతకన్నా దిగువన ఉంది. ''మందం ఆయిలు పోశావు, బానే ఉంది. దాంతో రోగం పోయిందనుకున్నావు చూడు, అక్కడ చెడింది'' అన్నాడు ఆ ముసలి మెకానిక్. ఇంజను బాగయ్యేదాకా పక్క ఊరి ఇంజను గంటల లెక్కన అద్దెకు తెచ్చుకున్నాడు. ఈలోపు అరెకరం చేను పొట్ట దశలోనే ఎండు పట్టింది. క్రాంకు గ్రైండింగు, కొత్త బేరింగులు, పిస్టను, లైనరు, అన్నీ అప్పు మీదే.

ఇది ఆ ఒక్క ఊళ్లో జరిగే సంగతి కాదు. మీరూ విని ఉంటారు. కరెంటు మోటార్లు వచ్చాక ఆయిల్ ఇంజన్లు మూలపడ్డాయని అనుకుంటాం గానీ, కాల్వ చివర, లంకల్లో, కరెంటు లైను వెళ్లని చోట ఇప్పటికీ అవే దిక్కు. అలాగే చిన్న రైతు చేతికి వచ్చే ట్రాక్టరు చాలాసార్లు ఇద్దరు ముగ్గురి చేతులు మారిందే అయి ఉంటుంది. అలాంటి పాత యంత్రాలకు ఏ ఆయిలు పోయాలో ఈ వారం తెలుసుకుందాం.

అసలు ఆయిలు చేసే పనేమిటి?

ఇంజనులో ఇనుము మీద ఇనుము తిరుగుతుంది. ఆ రెంటి మధ్య వెంట్రుకకన్నా సన్నటి ఆయిలు పొర ఉంటుంది. బరువంతా ఆ పొర మీదే. అది తెగిన క్షణం ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. వేడెక్కుతాయి. పట్టేస్తాయి.

పొర నిలబడటం ఒక్కటే కాదు, ఆయిలు ఇంకో మూడు పనులు చేస్తుంది. లోపలి వేడిని మోసుకొచ్చి సంపులో దించుతుంది. మసిని, ఇనుప రజనును కడిగి తెస్తుంది. పిస్టను రింగులకు, లైనరుకు మధ్య సందు మూసి గ్యాసు కిందికి దిగకుండా కాపలా కాస్తుంది. ఈ నాలుగు పనులకూ ఆయిలు అన్నిచోట్లకూ వెళ్లాలి. వెళ్లాలంటే పారాలి. మరీ పలచనైతే పొర తెగుతుంది. మరీ మందమైతే సన్న దారుల్లోకి సమయానికి చేరదు. ఏ ఆయిలు పోయాలన్న ప్రశ్న అంతా ఈ రెండింటి మధ్యే.

అంకెలంటే ఏమిటి?

చలికాలం పొద్దున్నే ఆముదం సీసా వంచి చూడండి. బొట్టు జారడానికి ఎంతసేపు పడుతుందో! అదే ఆముదం కాస్త వేడి చేస్తే నీళ్లలా జారుతుంది. ఇంజను ఆయిలూ అంతే. చల్లగా ఉన్నప్పుడు చిక్కన, వేడెక్కితే పలచన.

డబ్బా మీద ఎస్.ఏ.ఇ. అని మూడక్షరాలుంటాయి. అమెరికాలోని వాహన ఇంజనీర్ల సంఘం పేరది. ఆ పక్కనున్న 30, 40, 50 అన్నవి ఆయిలు 100 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే తరగతులు. పిల్లల క్లాసుల్లాంటివే. చిక్కదనాన్ని సెంటీస్టోక్స్ అనే కొలతలో కొలుస్తారు. ఆ వేడిలో 9.3 నుంచి 12.5 లోపు ఉంటే 30 నెంబరు. 12.5 నుంచి 16.3 లోపు 40 నెంబరు. 16.3 నుంచి 21.9 లోపు 50 నెంబరు.

మరి 20డబ్ల్యూ-40 అంటే? రెండు ఆయిళ్లు కలిపిందని కొందరు అనుకుంటారు. అది కాదు. డబ్ల్యూ అంటే వింటరు, చలికాలం. చలిలో 20 నెంబరు చలి ఆయిలులా తేలిగ్గా కదులుతుంది, వేడిలో 40 నెంబరులా నిలబడుతుంది అని అర్థం. ఒకే ఆయిలుకు రెండు గుణాలు. దీన్నే మల్టీగ్రేడ్ అంటారు. ఒకే అంకె ఉంటే సింగిల్ గ్రేడ్.

ఇక్కడ ఒక కిటుకుంది. డబ్ల్యూ ముందున్న అంకెను గడ్డకట్టే చలిలో పరీక్షిస్తారు. 20డబ్ల్యూ ఆయిలుకు సున్నాకు 15 డిగ్రీలు దిగువన, 15డబ్ల్యూకు 20 డిగ్రీలు దిగువన ఇంజను తిరగగలదా అని చూస్తారు. మన దగ్గర అంత చలెక్కడిది? లంబసింగిలో పడే చలి కూడా దానికి చాలా దూరం. అందుకని 15డబ్ల్యూ-40 కావాలా, 20డబ్ల్యూ-40 కావాలా అని మన వాళ్లు తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. మనకు ముఖ్యమైనది రెండో అంకె.

మన ఎండకు ఏది సరిపోతుంది?

మొదటి మాట. యంత్రంతో వచ్చిన పుస్తకం చూడండి. అందులో వాతావరణం వేడిని బట్టి ఏ నెంబరు పోయాలో పట్టిక ఉంటుంది. పుస్తకం పోతే అదే కంపెనీ డీలరును అడగండి. కొన్ని ఇంజన్లకు ఒంటి మీద రేకు ముక్క మీద కూడా రాసి ఉంటుంది. పాత మెకానిక్ దగ్గర ఒక ప్రతి దొరికినా చాలు, జిరాక్సు తీయించుకోండి.

పుణె దగ్గర ఖడ్కీలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్ల కంపెనీ 1946లో మొదలైంది. ఆ తరహా నిమిషానికి 1500 చుట్లు తిరిగే 5 హార్స్‌పవర్ ఇంజన్లు, రాజ్‌కోట్‌లో తయారయ్యే 650 చుట్ల లిస్టర్ తరహా నిదానం ఇంజన్లు మన పొలాల్లో తరాలుగా ఉన్నాయి. ట్రాక్టర్ల సంగతీ అంతే. ఐషరు ట్రాక్టరు 1959లో, మహీంద్రా వాళ్ల ఇంటర్నేషనల్ 1960ల్లో, హెచ్‌ఎంటీ 1971లో, స్వరాజ్ 1974లో వచ్చాయి. ఇవన్నీ తయారైనప్పుడు ఎక్కువగా సింగిల్ గ్రేడు ఆయిలే వాడేవారు. అందుకే పాత పుస్తకాల్లో చలికి 20, మామూలు రోజులకు 30, ఎండకు 40 అన్న తరహాలో ఉంటుంది.

మన కోస్తాలో, తెలంగాణలో, సీమలో ఏడాదిలో ఎక్కువ నెలలు వేడే. మే నెలలో రెంటచింతల, రామగుండం వంటి చోట్ల 45 డిగ్రీలు దాటిన రోజులు కొత్త కాదు. కనుక ఇలా లెక్కవేసుకోండి.

పుస్తకంలో ఎండకు 40 అని ఉంటే సింగిల్ గ్రేడు 40 గానీ, 20డబ్ల్యూ-40 గానీ, 15డబ్ల్యూ-40 గానీ పోయవచ్చు. వేడెక్కాక మూడూ ఒకే తరగతివి.

పుస్తకంలో 30 మాత్రమే ఉంటే ముందు 30తోనే నడపండి. ఇంజను బాగా అరిగి ఉంటే, ఎండాకాలంలో 40కి ఒక మెట్టు ఎక్కడం వరకు ఫరవాలేదు. రెండు మెట్లు ఎక్కవద్దు.

50 నెంబరు పుస్తకంలో ఉంటే తప్ప మన అంతట మనం పోసేది కాదు. మెకానిక్ వేడి మీద ఆయిలు ప్రెషరు కొలిచి, పంపు, ఫిల్టరు, గేజీ అన్నీ చూసి, అరుగుదల వల్లే ప్రెషరు తగ్గిందని తేల్చితే, పంట చేతికొచ్చేదాకా నెట్టుకురావడానికి 20డబ్ల్యూ-50 పనికొస్తుంది. అది వాయిదా వేయడమే. వైద్యం కాదు.

సింగిల్ గ్రేడా, మల్టీగ్రేడా?

''మల్టీగ్రేడు పాత ఇంజనుకు పనికిరాదు, తాగేస్తుంది'' అని కొందరు మెకానిక్‌లు గట్టిగా చెబుతారు. ఇందులో కొంత నిజముంది. మల్టీగ్రేడులో వేడికి మరీ పలచబడకుండా కొన్ని రసాయనాలు కలుపుతారు. వాడగా వాడగా అవి నలిగి ఆయిలు కాస్త పలచబడుతుంది. కనుక రోజంతా ఒకే లోడు మీద ఆగకుండా తిరిగే పంపు ఇంజనుకు సింగిల్ గ్రేడు 40 పోసినా తప్పులేదు.

కానీ ఇంజనుకు ఎక్కువ అరుగుదల జరిగేది స్టార్టు చేసిన మొదటి క్షణాల్లో. రాత్రంతా ఆయిలు కిందికి జారి బేరింగులు పొడిగా ఉంటాయి. పొద్దున్నే ఏ ఆయిలు తొందరగా పైకి చేరితే అది మంచిది. ఈ విషయంలో మల్టీగ్రేడే మేలు. రోజుకు నాలుగుసార్లు ఆపి, నాలుగుసార్లు స్టార్టు చేసే ట్రాక్టరుకు మల్టీగ్రేడు పోయండి.

మందం ఆయిలు లోపల చేసే పని

మందం ఆయిలు పోస్తే పొగ ఎందుకు తగ్గుతుంది? అరిగిన రింగుల పక్క నుంచి పైకి ఎగబాకే ఆయిలు కొన్నాళ్లు తక్కువవుతుంది కాబట్టి. అంటే కన్నం పూడలేదు. కన్నంలో దూరే వస్తువు చిక్కబడింది, అంతే. రింగులు అరిగినా, మసి పట్టి గాడిలో బిగుసుకున్నా అవి అలాగే ఉంటాయి.

ఈలోపు చల్లటి ఇంజనులో ఆ మందం ఆయిలు బేరింగు దాకా చేరేసరికి ఆలస్యమవుతుంది. హ్యాండిలు బరువెక్కుతుంది. ఇంజను తన బలంలో కొంత ఆయిలును చిలకడానికే ఖర్చు పెడుతుంది. దాంతో డీజిలూ పెరుగుతుంది. పాత ఇంజనులో ఆయిలు దారులు సగం గసితో మూసుకుని ఉంటాయి. మనం పలచగా పారాల్సిన చోటికి జిగురు పంపుతున్నామన్న మాట.

గేరు ఆయిలు ఇంజనులో పోయకండి

90 నెంబరు గేరు ఆయిలు 40 నెంబరు ఇంజను ఆయిలుకు రెండింతలు చిక్కన అని చాలామంది నమ్మకం. అది తప్పు. గేరు ఆయిళ్ల లెక్క వేరు, ఇంజను ఆయిళ్ల లెక్క వేరు. వేడిలో కొలిస్తే 90 గేరు ఆయిలు చిక్కదనం ఇంజను ఆయిలు 40, 50 నెంబర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే అది కలిపి మీరు సంపాదించేది దాదాపు ఏమీ లేదు.

పోగొట్టుకునేది మాత్రం ఉంది. గేరు పళ్ల ఒత్తిడికి తట్టుకోవడానికి అందులో గంధకం, భాస్వరం కలిసిన మందులుంటాయి. ఇంజను వేడికి అవి రాగి, ఇత్తడి జాతి బుష్షులను, బేరింగులను తినేస్తాయి. పైగా ఇంజను మసిని కడిగే గుణం దానికి లేదు. గేరుబాక్సు సరుకు గేరుబాక్సులోనే ఉండాలి. పాత ట్రాక్టర్లలో గేరుబాక్సు, హైడ్రాలిక్కు ఒకే ఆయిలుతో నడిచేవీ ఉన్నాయి, వేరువేరువీ ఉన్నాయి. అది కూడా పుస్తకం చూసి పోయాల్సిందే.

అంకె ఒక్కటే చూస్తే చాలదు, అక్షరం చూడండి

మోటారు సైకిలు ఆయిలు డబ్బా మీద 20డబ్ల్యూ-40 అని ఉంటుంది. ట్రాక్టరు ఆయిలు డబ్బా మీదా అదే ఉంటుంది. అంకె ఒకటే. సరుకు ఒకటి కాదు. బండికి పోయగా మిగిలింది ఇంజనులో పోసేవాళ్లున్నారు.

డబ్బా మీద ఏపీఐ అన్న మాట పక్కన రెండక్షరాలు వెతకండి. మొదటి అక్షరం 'ఎస్' అయితే పెట్రోలు ఇంజనుది. 'సీ' అయితే డీజిలు ఇంజనుది. సీసీ, సీడీ అన్నవి పాత తరగతులు. తర్వాత సీఎఫ్-4 1990లో, సీహెచ్-4 1998లో, సీఐ-4 2002లో వచ్చాయి. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ మసిని పట్టి ఉంచే గుణం, వేడికి ఓర్చే గుణం పెరుగుతూ వచ్చాయి. పాత పుస్తకంలో సీడీ అని ఉంటే, నెంబరు సరిపోయిన సీఎఫ్-4 గానీ సీఐ-4 గానీ పోయవచ్చు. పాత ఇంజనుకు కొత్త తరగతి ఆయిలు చెడు చేయదు. 'పాత బండికి పాత రకం ఆయిలే' అన్న పట్టుదల అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ఏళ్ల తరబడి చవక ఆయిలుతో నడిచి, అడుగున గసి పేరుకున్న ఇంజనులో మంచి ఆయిలు పోస్తే, అది పాత గసిని కడిగి కదిలిస్తుంది. ఆ గసి ముక్క ఆయిలు కన్నంలో అడ్డుపడితే కొంప మునుగుతుంది. ముఖ్యంగా ఫిల్టరు లేని నిదానం ఇంజన్లలో. అందుకని మార్చేముందు సంపు తలుపు విప్పించి చేత్తో గసి తీయించి, జాలీ కడిగించండి. మొదటి విడత ఆయిలును 20, 30 గంటలకే దించేసి మళ్లీ కొత్తది పోయండి. ఆ తర్వాత భయం లేదు.

చల్లటి నీళ్లూ చేటే

ఇది మన పంపు ఇంజన్లకే ప్రత్యేకమైన సంగతి. పంపు నుంచి వచ్చే నీళ్లలో కొంత సన్న గొట్టంతో ఇంజను చుట్టూ తిప్పి వదిలేస్తాం. ఇంజను ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని గొట్టం పూర్తిగా తెరుస్తాం. ముట్టుకుంటే ఇంజను మంచులా ఉంటుంది. చూసి సంతోషిస్తాం.

ఆ సంతోషం దండగ. చల్లటి ఇంజనులో డీజిలు పూర్తిగా కాలదు. కాలని డీజిలు లైనరు వెంట కిందికి జారి ఆయిలులో కలుస్తుంది. ఆవిరి నీళ్లయి ఆయిలులో చేరి గసి కడుతుంది. ఆయిలు కూడా ఉండాల్సిన వేడికి రాక చిక్కగానే ఉండిపోతుంది. అలాంటి ఇంజనులో 50 నెంబరు పోస్తే తప్పు మీద తప్పు. బయటికొచ్చే నీళ్లు చెయ్యి పెడితే కాసేపు కూడా ఓర్చుకోలేనంత వేడిగా ఉండాలి. మరగకూడదు. గొట్టానికి చిన్న కుళాయి పెట్టి నీళ్లు తగ్గించుకోండి.

పొగ రంగు, ఆయిలు రంగు

నీలం పొగ అంటే ఆయిలు కాలుతోంది. రింగులు, లైనరు, వాల్వు గైడు చూపించాలి. నల్ల పొగ అంటే డీజిలు ఎక్కువైంది, లేదా గాలి తక్కువైంది. దానికీ ఆయిలు నెంబరుకూ సంబంధం లేదు. ముందు ఎయిర్ క్లీనరు, తర్వాత నాజిల్ చూపించండి. తెల్ల పొగ స్టార్టు చేసిన కాసేపు వస్తే మామూలే. ఎంతకీ ఆగకపోతే నాజిల్ గానీ, కంప్రెషను గానీ, హెడ్డు గాస్కెట్టు గానీ అనుమానించాలి.

అరుగుదలకు మొదటి కారణం దుమ్ము. ఎయిర్ క్లీనరు గిన్నెలో ఆయిలు ఎండిపోయిందేమో చూడండి. అందులో ఇంజనులో పోసే కొత్త ఆయిలే గీత దాకా పోయాలి. దించిన పాత ఆయిలు పోయకూడదు. ఆ గిన్నె పట్టించుకోకుండా రెండు పంటలు నడిపితే ఎంత ఖరీదు ఆయిలు పోసినా రింగులు మిగలవు.

ఇక గేజీ పుల్ల. డీజిలు ఇంజనులో ఆయిలు నల్లబడితే కంగారు పడొద్దు. మసిని అది పట్టి ఉంచుతోందని అర్థం. వేళ్ల మధ్య రాస్తే గరగర మంటే మాత్రం దుమ్ము చేరింది. పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. గీత దాటి పెరిగి, డీజిలు వాసన కొడితే డీజిలు కలుస్తోంది. ఆయిలు తగ్గడం అందరికీ భయమే. పెరగడం అంతకన్నా భయపడాల్సిన సంగతి. ఈ రెండు రకాల్లోనూ ఇంజను ఆపి, కారణం తెలిసేదాకా నడపకండి.

ఇంకో చిన్న పరీక్ష. స్కూలు పిల్లల అద్దుడు కాగితం మీద వేడి ఆయిలు ఒక్క చుక్క వేసి రాత్రంతా ఉంచండి. నలుపు మెల్లగా చుట్టూ పరుచుకుంటే ఆయిలుకు ఇంకా శక్తి ఉంది. నడిమధ్యలో నల్లటి ముద్దగా ఆగిపోయి, చుట్టూ తేట నూనె మాత్రమే పాకితే దాని పని అయిపోయింది. మార్చేయండి.

గంటల మీటరు లేదా? డీజిలు క్యానే మీటరు

పాత ఇంజన్ల పుస్తకాల్లో ఎక్కువగా 100 నుంచి 250 గంటల మధ్య ఆయిలు మార్చమని ఉంటుంది. 'మాకు గంటలెట్లా తెలుస్తాయండీ' అంటారా? 5 హార్స్‌పవర్ ఇంజను పూర్తి లోడు మీద గంటకు దాదాపు లీటరు డీజిలు తాగుతుంది. 20 లీటర్ల క్యాన్లు ఐదు అయిపోతే 100 గంటలు నడిచినట్టే. లోడు తక్కువైతే గంటలు అంతకన్నా ఎక్కువే అయి ఉంటాయి. షెడ్డు గోడ మీద క్యానుకొక సుద్ద గీత గీయండి. 100 గంటల ఇంజనైతే ఐదో గీతకు ఆయిలు మార్చాలి.

ఆ పక్కనే మధ్యలో ఎంత ఆయిలు పోశారో కూడా రాయండి. 5 హార్స్‌పవర్ ఇంజను సంపులో పట్టేదే సుమారు మూడు, నాలుగు లీటర్లు. రోజూ పోయాల్సి వస్తుంటే అది ఆయిలు నెంబరుతో తీరే రోగం కాదు. నాట్లకు ముందో, కోతలయ్యాకో తీరికగా రింగులు వేయించండి. రింగుల దశలో విప్పితే చిన్న ఖర్చు. క్రాంకు దాకా పోతే పెద్ద ఖర్చు.

ఒక్క మంచి కబురూ చెప్పాలి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్మే డీజిలులో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లకు మించకూడదు. గంధకం వల్ల ఆయిలులో పుట్టే ఆమ్లం బాగా తగ్గింది. అలాగని గడువు దాటించమని కాదు. మసి, దుమ్ము ఎక్కడికీ పోలేదు.

డబ్బా కొనేటప్పుడు

డ్రమ్ములోంచి వంచి ఇచ్చే లూజు ఆయిలు చవకే. అందులో వాడేసిన ఆయిలును వడగట్టి రంగు తేర్చింది ఎంతుందో ఎవరికీ తెలియదు. మూత సీలు, తయారీ నెల, ఎస్.ఏ.ఇ. నెంబరు, ఏపీఐ అక్షరాలు చూసి, బిల్లు తీసుకుని కొనండి. ఖాళీ డబ్బాకు మేకుతో కన్నం పొడిచి పారేయండి. లేకపోతే అదే డబ్బా కల్తీ ఆయిలుతో మళ్లీ మీ ఊరికే రావచ్చు.

దించిన నల్ల ఆయిలు కాల్వలో పోయకండి, ఒంటికి పూసుకోకండి. ఎక్కువకాలం చర్మానికి తగిలితే క్యాన్సరు ప్రమాదం ఉంది. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థాల కింద లెక్క. డబ్బాలో పట్టి, వాడిన ఆయిలు సేకరించేవారికి ఇచ్చేయండి.

గోడ మీద రాసుకోండి

1. పుస్తకంలోని నెంబరే మొదటి మాట. అరిగిన ఇంజనుకు ఒక మెట్టు మించి ఎక్కవద్దు.

2. డీజిలు ఇంజనుకు 'సీ' అక్షరం ఉన్న ఆయిలే. బండి ఆయిలు, గేరు ఆయిలు వద్దు.

3. రోజూ స్టార్టు చేసేముందు, ఇంజను మట్టంగా ఉన్నప్పుడు గేజీ పుల్ల చూడాలి. పొగ లేకపోయినా చూడాలి.

4. ఆయిలు వేడిగా ఉండగా దించాలి. అప్పుడే గసి కూడా దిగుతుంది. ఫిల్టరు ఉంటే దాన్నీ మార్చాలి.

5. నెలల తరబడి మూలనున్న ఇంజనును డీకంప్రెషన్ లివరు ఎత్తి, పది పదిహేను చుట్లు ఊరికే తిప్పి, ఆ తర్వాతే స్టార్టు చేయాలి. ఐదు నిమిషాలు లోడు లేకుండా నడవనివ్వాలి.

6. పొలంలో ఆయిలు తగ్గి అదే నెంబరు దొరక్కపోతే, వేరే కంపెనీదైనా డీజిలు ఇంజను ఆయిలు పోసి గీత దాకా నింపండి. తక్కువ ఆయిలుతో నడపడం కన్నా అదే మేలు. తీరికగా మొత్తం మార్చుకోవచ్చు.

ట్రాక్టర్లు, యంత్రాల వాడకం, మరమ్మతులు పద్ధతిగా నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఊరికొకరు నేర్చుకున్నా ఊరంతటికీ లాభం.

మొదట చెప్పిన కౌలు రైతును మొన్న మళ్లీ కలిశాను. బాగు చేయించిన ఇంజను గట్టు మీద తిరుగుతోంది. ఏ ఆయిలు పోశారని అడిగితే డబ్బా తెచ్చి, అంకె మీద వేలు పెట్టి చూపించాడు. 15డబ్ల్యూ-40, పక్కన సీఐ-4. షెడ్డు గోడ మీద సుద్ద గీతలు నాలుగున్నాయి. ''ఐదోది పడితే మారుస్తానండీ. ఈసారి పొగ వచ్చినా రాకపోయినా పుల్ల తీసి చూస్తన్నా'' అన్నాడు.

మీ గోడ మీద మొదటి గీత ఈ రోజే గీయండి.